కదలిక కథ – 8: దిగిన బరువు ఎటు పోయింది?

గత వారం మనం జగిత్యాల కోట బురుజు మీద ఆగాం. 1747లో కట్టిన ఆ నక్షత్రాకారపు కోట మీది నుంచి ఫిరంగి గుండు బయలుదేరితే తిన్నగా ఎందుకు పోదో, వంగి నేలకు ఎందుకు దిగుతుందో చూశాం. ఈ వారం కోట దిగి కరీంనగర్ రోడ్డు పడదాం. మల్యాల అడ్డరోడ్డు దాటగానే కొండగట్టు వస్తుంది. గుట్ట మీద అంజన్న గుడి, గుట్ట చుట్టూ మల్యాల, కొడిమ్యాల మండలాల ఊళ్ళు. 2016 అక్టోబరు దాకా ఇదంతా కరీంనగర్ జిల్లా. ఆ తర్వాత జగిత్యాల జిల్లా అయింది.

కొడిమ్యాల మండలం నాచుపల్లిలో 2007లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. బలాలు, చలనం అనే పాఠం ఎక్కడ చెప్పినా అందులో వాలుతలం బొమ్మ ఉంటుంది: ఒక త్రిభుజం, దాని వాలు మీద ఒక పెట్టె, పెట్టె నుంచి కిందికి ఒక బాణం గుర్తు. తొమ్మిదో తరగతి పిల్లలకు గమన నియమాల పాఠంలోనే బాణాలు గీయడం మొదలవుతుంది. నాచుపల్లి పిల్లలు తలెత్తి చూస్తే ఆ త్రిభుజం కళ్ళ ముందే గుట్టలా నిలబడి ఉంటుంది.

ఈ భాగమంతా ఆ వాలు గురించే. ఒక్క ప్రశ్న పట్టుకుని నడుద్దాం. బరువు వాలు దిగితే దానికి కొంత లాభం వస్తుంది. ఆ వచ్చింది ఎటు పోతుంది?

మోటబాయి కాడ

ఈ ప్రశ్నకు మన దగ్గర పుస్తకం కంటే ముందు బాయి జవాబు చెప్పింది.

కరెంటు మోటార్లు రాకముందు ఈ గుట్టల నడుమ వ్యవసాయమంతా చెరువుల కింద, మోటబాయిల కింద నడిచేది. బాయి ఒడ్డున రెండు గుంజలు, వాటి నడుమ గిరక. గిరక మీదుగా మోకు. మోకు ఒక కొసకు బొక్కెన, రెండో కొస ఎడ్ల కాడికి. బొక్కెన అడుగున తోలు తొండం. ఆ తొండం మూతికి వేరే సన్నతాడు, దాన్ని తొండపుతాడు అనేవాళ్ళు. ఒడ్డు మీద కిందగా ఉండే ఉరుడు మీదుగా ఆ సన్నతాడు కూడా ఎడ్ల దాకా వస్తుంది. బొక్కెన పైకి వచ్చేంతసేపూ తొండం మూతి పైకి మడిచి ఉంటుంది కనుక నీళ్ళు కారవు. ఒడ్డుకు రాగానే తొండం బయటికి సాగుతుంది, నీళ్ళు తొట్టిలో పడి కాలువ పడతాయి. బొక్కెనను ఎవరూ ముట్టుకోనక్కర లేదు, వంచనక్కర లేదు. ఎడ్లు నడవడం, ఆగడం, అంతే.

ఇందులో అసలు తెలివి ఎడ్లు నడిచే బాటలో ఉంది. అది చదునుగా ఉండదు. బాయి ఒడ్డు దగ్గర ఎత్తుగా మొదలై, అవతలి కొసకు పోయేకొద్దీ పల్లంగా దిగుతుంది. నిండు బొక్కెనను లాగేటప్పుడు ఎడ్లు పల్లానికి నడుస్తాయి. ఖాళీ బొక్కెన బాయిలోకి దిగేటప్పుడు వెనక్కి నడుస్తూ ఎత్తుకు వస్తాయి. పని ఉన్నప్పుడు దిగడం, పని లేనప్పుడు ఎక్కడం.

చిన్నప్పుడు ఒక ముసలాయనను అడిగాను: "తాతా, బాట సాపుగ ఉంటే ఎడ్లకు సుకం గద, గింత పల్లం ఎందుకు చేసిండ్రు?" ఆయన చుట్ట తీసి నవ్విండు. "ఎద్దు గుంజేది సగమే బిడ్డా, మిగిలిన సగం దాని ఒళ్ళు గుంజుతది" అన్నడు.

ఆ మాటను అంకెల్లో పెట్టి చూద్దాం. రెండు ఎడ్ల బరువు కలిపి 700 కిలోలు అనుకుందాం. బాట ఆరు అడుగుల నడకకు ఒక అడుగు దిగుతుందనుకుందాం. అప్పుడు ఎడ్ల బరువులో ఆరో వంతు, అంటే సుమారు 117 కిలోల బరువు, వాలు వెంట కిందికి తోస్తుంది. నూరు లీటర్ల నీళ్ళు పట్టే బొక్కెన, నీళ్ళతో కలిపి ఇంచుమించు అంతే తూగుతుంది. అంటే ఎద్దు కండ బలం వాడకముందే దాని ఒంటి బరువే బొక్కెన బరువుకు సరితూగింది. గిరక దగ్గర రాపిడికి, బొక్కెనను కదిలించడానికి, నడకకు మాత్రమే కండ పెట్టాలి. పైగా మోట కొట్టే మనిషి దిగేటప్పుడు మోకు మీద కూచునేవాడు. చూసేవాళ్ళకు అది బద్ధకంలా కనిపించేది. నిజానికి తన బరువును కూడా ఆయన లెక్కలో కలుపుతున్నాడు. ఎడ్లు వెనక్కి ఎక్కేటప్పుడు మోకు దిగి పక్కన నడిచేవాడు. ఆ ఎక్కుడులోనూ బాయిలోకి దిగుతున్న ఖాళీ బొక్కెన మోకును గుంజుతూ ఎడ్లకు కొంత సాయం చేసేది.

మొదటి జవాబు దొరికింది. ఎడ్లు వాలు దిగితే వచ్చిన లాభం నీళ్ళ రూపంలో పైకెక్కింది. ఒకటి దిగింది కనుక ఇంకొకటి ఎక్కింది.

మోటలు పోయి ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. కొడిమ్యాలకు పొరుగున ఉన్న రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో, భూమి లోపల, కాళేశ్వరం ఎత్తిపోతల పథకం పంపుహౌసు 2019 ఆగస్టులో నీళ్ళు ఎత్తడం మొదలుపెట్టింది. ఒక్కో మోటారు సామర్థ్యం 139 మెగావాట్లు, అటువంటివి ఏడు. హార్స్‌పవర్ లెక్కలో చెప్పాలంటే ఒక్క మోటారు దాదాపు 1,86,000 గుర్రాలతో సమానం. వంద మీటర్లకు పైగా ఎత్తుకు అది గోదావరి నీళ్ళను నెడుతుంది. పక్కపక్క ఊళ్ళలో ఒక మనిషి జీవితకాలంలోనే ఎద్దు బరువు నుంచి ఇక్కడిదాకా వచ్చాం. అయినా కిలో నీళ్ళు మీటరు ఎత్తాలంటే చెల్లించాల్సిన కనీస ధర ఆనాడెంతో ఈనాడూ అంతే.

పద్నాలుగు గుండ్ల దండ

మోట బాట లెక్కలో "ఆరో వంతు" అన్నాం కదా, ఆ సూత్రాన్ని కాగితం మీద తిరుగులేకుండా నిరూపించినవాడు సైమన్ స్టెవిన్. బ్రూజ్ పట్టణంలో పుట్టి హాలండ్‌లో పనిచేసిన ఇంజనీరు. 1586లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. త్రిభుజాకారపు దిమ్మె, ఒక వైపు వాలు రెండో వైపుకు రెట్టింపు పొడవు. దాని మీద పద్నాలుగు సమానమైన గుండ్లు గుచ్చిన దండ వేశాడు. పొడుగు వాలు మీద నాలుగు, పొట్టి వాలు మీద రెండు, మిగతా ఎనిమిది కింద వేలాడుతున్నాయి.

ఇప్పుడు ఆలోచించండి. నాలుగు గుండ్లు రెండింటి కంటే ఎక్కువ గట్టిగా లాగితే దండ జరగాలి. జరిగితే మళ్ళీ అదే అమరిక వస్తుంది, మళ్ళీ జరగాలి. అట్లా ఎవరూ తిప్పకుండానే దండ కాలమంతా తిరుగుతూ ఉండాలి. అది జరగని పని. కనుక దండ కదలదు. కదలదంటే పొడుగు వాలు మీది నాలుగు, పొట్టి వాలు మీది రెండు సమానంగా లాగుతున్నట్టే. వాలు రెట్టింపు పొడవైతే ఒక్కో గుండు లాగుడు సగమవుతుంది. తూకం వేయకుండా, తాడు కట్టకుండా, ఉత్త ఆలోచనతో తేల్చాడు. మోట బాట తవ్వినవాళ్ళు కంటికొలతతో తేల్చిందీ ఇదే.

అన్నంభట్టు మాట

స్టెవిన్ తర్వాతి శతాబ్దంలో మన తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహం రాశాడు. తర్కం చదవబోయే పిల్లలకు సులువుగా తలకెక్కాలని రాసిన చిన్న పుస్తకం అది. నేటికీ సంస్కృత పాఠశాలల్లో తర్కం దానితోనే మొదలవుతుంది. వైశేషిక దర్శనం వాళ్ళు లెక్కపెట్టిన ఇరవై నాలుగు గుణాలను అందులో ఒకటొకటిగా నిర్వచించాడు. వాటిలో గురుత్వం ఒకటి.

ఆ నిర్వచనంలో ఒక మెళకువ ఉంది. గురుత్వం పడటానికి కారణం అని ఊరుకోలేదు. మొట్టమొదటి పడటానికి కారణం అన్నాడు. చెట్టు నుంచి పండు తెగిన మొదటి క్షణాన దాన్ని దించేది గురుత్వం. ఆ తర్వాత పండులో వేగం అనే సంస్కారం పుడుతుంది, మిగతా పడటాన్ని అది నడిపిస్తుంది. పడే వస్తువు తన కదలికను తానే మోసుకుపోతుందన్న ఊహ ఇందులో ఉంది. ఇవాళ బళ్ళో చెప్పే జడత్వం పాఠానికి అది కొంత దగ్గరగా వస్తుంది.

దీన్ని చూసి న్యూటన్ కంటే ముందే మనవాళ్ళు అన్నీ చెప్పేశారని చంకలు గుద్దుకోనక్కర లేదు. అన్నంభట్టు గురుత్వాన్ని మట్టికి, నీటికి ఉన్న గుణంగానే లెక్కించాడు. మొదటి క్షణం తర్వాత కూడా గురుత్వం ప్రతి క్షణం తన పని తాను చేస్తూనే ఉంటుందని, అందుకే వేగం పెరుగుతూ పోతుందని ఆ చట్రంలో తేలలేదు. ఎంత సేపట్లో ఎంత దూరం అని కొలిచే అలవాటూ ఆ శాస్త్రానికి లేదు. కానీ ఒకటి మనకు మిగిలింది. పిల్లల పుస్తకంలోని "గురుత్వాకర్షణ" అన్న పదంలో మొదటి సగం ఆ తర్కశాస్త్రపు మాటే. పదం మనది, కొలత ఇటలీ నుంచి వచ్చింది.

నీళ్ళు తూచి కాలం కొలిచినవాడు

పడే వస్తువును కొలవడం ఎందుకు కష్టం? చాలా వేగంగా పడుతుంది కనుక. పదిహేడో శతాబ్దం మొదట్లో సెకన్లను నమ్మకంగా కొలిచే గడియారం అందుబాటులో లేదు. పాదువాలో పాఠాలు చెప్పుకునే గెలీలియోకు ఇక్కడే వాలు అక్కరకొచ్చింది. తిన్నగా పడేది అందకపోతే ఏటవాలుగా దొర్లిద్దాం, అదే కదలిక నెమ్మదిగా కనబడుతుంది అనుకున్నాడు.

పన్నెండు మూరల పొడవైన దూలం తీసుకున్నాడు. దాని అంచు వెంట తిన్నగా ఒక గాడి చెక్కించి, గాడిలో నునుపైన తోలుకాగితం అతికించాడు. బాగా గుండ్రంగా, నున్నగా చేయించిన కంచు గుండును అందులో వదిలాడు. దూలం ఒక కొసను మూరో రెండు మూరలో ఎత్తాడు. కాలం కొలవడానికి పెద్ద తొట్టినిండా నీళ్ళు, అడుగున సన్నని గొట్టం. గుండు వదలగానే గొట్టం తెరవడం, గుండు గమ్యం చేరగానే మూయడం. కారిన నీళ్ళను చిన్న గిన్నెలో పట్టి త్రాసులో తూచాడు. ఎన్ని నీళ్ళు కారితే అంత కాలం.

నూరుసార్లయినా చేసి చూశానని తర్వాత రాసుకున్నాడు. తేలింది ఇది: మొదటి క్షణంలో గుండు ఒక బెత్తెడు పోతే, రెండో క్షణంలో మూడు, మూడో క్షణంలో అయిదు, నాలుగో క్షణంలో ఏడు బెత్తెలు పోతుంది. బేసి సంఖ్యలు వరుసగా. కలుపుకుంటూ పోతే 1, 4, 9, 16. కాలం రెట్టింపయితే దూరం నాలుగు రెట్లు. వాలు నిలువుగా చేసేకొద్దీ దూరాలు పెరుగుతాయి కాని ఈ వరుస మారదు. గుండు బరువు మార్చినా లెక్క మారదు.

ఆయనే ఇంకో మాట పట్టుకున్నాడు. ఒక వాలు దిగిన గుండు ఎదురుగా ఉన్న ఇంకో వాలు ఎక్కితే, రాపిడి లేకపోతే, బయలుదేరిన ఎత్తుకే చేరుతుంది. ఎదుటి వాలును ఇంకాస్త పడుకోబెడితే అదే ఎత్తు కోసం ఇంకా దూరం పోవాలి. ఎదుటి వాలును పూర్తిగా చదును చేస్తే? ఎక్కాల్సిన ఎత్తు ఎప్పటికీ రాదు, గుండు ఎప్పటికీ ఆగదు. 1687లో న్యూటన్ దీన్నే తన మొదటి నియమంగా రాశాడు.

గెలీలియో ఈ సంగతులు అచ్చులోకి తెచ్చేనాటికి 1638వ సంవత్సరం వచ్చింది. అప్పటికి మతన్యాయస్థానం ఆయనను ఇంటికే బందీ చేసింది. చూపు పోయింది. ఇటలీలో అచ్చువేసే వీలు లేక పుస్తకం హాలండ్‌లోని లైడెన్ పట్టణంలో వెలువడింది.

మన ప్రశ్నకు రెండో జవాబు ఇది. వాలు దిగితే వచ్చిన లాభం వేగంగా మారింది. ఎంత ఎత్తు దిగిందో తెలిస్తే చాలు, రాపిడి లేనప్పుడు జారే వస్తువు వేగం చెప్పొచ్చు. పది మీటర్ల ఎత్తు, అంటే మూడంతస్తుల మేడంత, దిగితే గంటకు 50 కిలోమీటర్లు. నలభై మీటర్లు దిగితే గంటకు 100. బరువెంత అని ఎవరూ అడగనక్కర లేదు. పిల్లి దిగినా ఏనుగు దిగినా ఒకటే.

ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. కొండ దిగేటప్పుడు దీంతో మళ్ళీ పని పడుతుంది.

మోటను తిరగేసిన బీరు బట్టీ యజమాని

రాపిడి ఉంటే? గుండు ఆగిపోతుంది. బండి ఆగిపోతుంది. మరి ఆ వేగం ఎటు పోయినట్టు? రెండు వందల ఏళ్ళ పాటు దీనికి తిన్ననైన సమాధానం లేదు.

మాంచెస్టర్ పక్కన సాల్‌ఫోర్డ్‌లో బీరు కాచే కుటుంబంలో పుట్టిన జేమ్స్ జూల్ ఆ సమాధానం వెతికాడు. ఆయన యంత్రాన్ని చూస్తే మోటబాయి గుర్తొస్తుంది. గిరకల మీదుగా తాళ్ళు, తాళ్ళకు సీసపు బరువులు. మోటలో బరువు దిగితే నీళ్ళు పైకి వస్తాయి. జూల్ యంత్రంలో బరువులు దిగితే రాగి పాత్రలోని నీళ్ళలో తెడ్లు తిరుగుతాయి. నీళ్ళు ఎక్కడికీ పోవు, ఉన్నచోటే కలయబడతాయి. బరువు నేలకు దిగాక మళ్ళీ పైకి చుట్టి వదలడం, అట్లా ఇరవైసార్లు. చివరికి థర్మామీటరు చూస్తే నీళ్ళు అర డిగ్రీ ఫారన్‌హీటు పైచిలుకు వేడెక్కేవి.

ఆ చిన్న వేడిని కొలిచి 1850లో ఆయన లెక్క ప్రకటించాడు. ఒక పౌను నీళ్ళను ఒక డిగ్రీ ఫారన్‌హీటు వేడెక్కించాలంటే ఒక పౌను బరువు 772 అడుగులు దిగాలి. దిగిన బరువు లాభం మాయం కాలేదు, వేడిగా మారింది. ఎంత దిగితే ఎంత వేడో కచ్చితమైన మారకపు రేటు కూడా ఉంది. శక్తిని కొలిచే ప్రమాణానికి ఇవాళ ఆయన పేరే పెట్టుకున్నాం.

ఇది మూడో జవాబు. ఇక్కడొక తేడా గమనించండి. గెలీలియో వేగం లెక్కలో బరువు లేదు. జూల్ వేడి లెక్కలో బరువు ఉంది. బరువు రెట్టింపయితే వేడి రెట్టింపు.

కొండగట్టు ఘాట్‌రోడ్డు

2018 సెప్టెంబరు 11, మంగళవారం. కొడిమ్యాల మండలం శనివారంపేట నుంచి జగిత్యాలకు ఆర్టీసీ బస్సు బయలుదేరింది. హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, డబ్బు తిమ్మయ్యపల్లి, తిర్మలాపూర్ మనుషులు ఎక్కారు. సీట్లు యాభై పైచిలుకు ఉండే బస్సులో నూరు మందికి పైగా ఉన్నారు. కొండగట్టు మీదుగా వచ్చి ఘాట్‌రోడ్డు దిగుతూ, గుట్ట కిందికి చేరబోయే ముందు, మలుపు దగ్గర అదుపు తప్పి లోయలో పడింది. అరవై మందికి పైగా చనిపోయారు. వాళ్ళల్లో ఆడవాళ్ళే ఎక్కువ. ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయినవాళ్ళు చాలామంది. దేశంలో జరిగిన ఘోరమైన బస్సు ప్రమాదాల్లో ఇదొకటి. ఆ రోజు కొడిమ్యాల మండలంలో కొన్ని ఊళ్ళల్లో వాడవాడకూ శవం వచ్చింది.

బ్రేకులు పడలేదన్నారు. బండి న్యూట్రల్‌లో దిగిందన్నారు. జనం మరీ ఎక్కువన్నారు. పత్రికలు రోజుల తరబడి రాశాయి. ఎవరిది ఎంత తప్పు అని తీర్పు చెప్పడం ఈ శీర్షిక పని కాదు. ఇందాకటి నుంచి పట్టుకున్న ప్రశ్ననే ఇక్కడా అడుగుదాం. నూరు మంది బరువు కొండ దిగుతుంటే వచ్చేది ఎటు పోవాలి?

ఏ కొండకైనా పనికొచ్చే లెక్క ఒకటి వేద్దాం. ఖాళీ బస్సు పది టన్నులు అనుకోండి. మనిషికి 60 కిలోల చొప్పున యాభై మంది ఎక్కితే పదమూడు టన్నులు. నూరు మంది ఎక్కితే పదహారు. బస్సు వంద మీటర్ల ఎత్తు నుంచి దిగుతుందనుకుందాం. వేగం పెరగకుండా మెల్లగా దిగాలంటే, దిగినందుకు వచ్చినదంతా వేడిగా మారి బయటికి పోవాలి. జూల్ లెక్క ప్రకారం యాభై మందితో దిగితే ఆ వేడి సుమారు 43 లీటర్ల మామూలు నీళ్ళను మరిగించేంత. నూరు మందితో దిగితే 53 లీటర్లను మరిగించేంత. పెళ్ళి వంటల్లో పెద్ద గుండిగ కింద కట్టెలు పెట్టి అంత నీళ్ళు కాగబెట్టడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు కదా. ఆ వేడంతా కొన్ని నిమిషాల్లో చక్రాల లోపలి బ్రేకు డ్రమ్ముల్లో, లైనర్లలో పుడుతుంది.

బ్రేకు లైనరు ఒక హద్దు దాటి కాగితే దాని పట్టు సడలుతుంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనరుకు కాస్త దూరం జరుగుతుంది. డ్రైవరు కాలు ఎంత గట్టిగా తొక్కినా బండి ముందు ఆగినట్టు ఆగదు. ఆగకపోతే దిగిన లాభం ఇంకెటు పోవాలి? వేడిగా మారలేనిదంతా గెలీలియో చెప్పిన దారి పడుతుంది, వేగమవుతుంది. పది మీటర్ల ఎత్తు అట్లా చేయి జారితే గంటకు యాభై.

అందుకే ఘాట్ల మీద తిరిగే పాత డ్రైవర్లు కొత్తవాళ్ళకు మొదట చెప్పే మాట ఒకటుంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. చిన్న గేరులో దిగితే చక్రాలు ఇంజన్‌ను తిప్పాల్సి వస్తుంది. డీజిలు పోయని ఇంజన్‌ను తిప్పడం తేలిక కాదు. దిగిన బరువు లాభంలో పెద్ద వాటా అక్కడే ఖర్చయి, ఇంజన్ వేడిగా బయటికి పోతుంది. బ్రేకులకు మిగిలేది కొంచెమే. న్యూట్రల్‌లో పెడితే చక్రాలకూ ఇంజన్‌కూ సంబంధం తెగిపోతుంది. మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది. మోటలో ఎడ్లు పల్లానికి దిగుతుంటే పట్టి ఆపేది నిండు బొక్కెన. ఆ బొక్కెన తెగిపోతే ఎడ్లు ముందుకు తూలి పడతాయి. న్యూట్రల్‌లో దిగే బండి మోకు తెగిన ఎడ్ల లాంటిది.

జనం ఎక్కువైతే ఇంకో రెండు సంగతులు తోడవుతాయి. కూర్చున్నవాళ్ళ కంటే నిలబడ్డవాళ్ళ బరువు ఎత్తులో ఉంటుంది. బస్సు మొత్తపు గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది, మలుపులో ఒరగడం సులువవుతుంది. బస్సు మలుపు తిరుగుతుంటే లోపలి మనుషులు తిన్నగానే పోవాలని చూస్తారు, జడత్వం అంటే అదే. కమ్మీ పట్టుకోవడానికి చోటు లేనంత కిక్కిరిసి ఉంటే అందరూ ఒక్కసారి ఒకే పక్కకు ఒరుగుతారు. బస్సు ఒరగకూడని పక్కకే ఆ బరువంతా వాలుతుంది.

ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకొమ్మన్న మాట దగ్గరికి వద్దాం. పిల్లి దిగినా ఏనుగు దిగినా వేగం ఒకటే అన్నాం. బళ్ళో ఈ పాఠం చదివినవాళ్ళు "అయితే నూరు మంది ఎక్కితే మాత్రం ఏం తేడా?" అని అడగవచ్చు. అడగాలి కూడా. బండిని వదిలేస్తే తేడా లేదు. బండిని పట్టి ఆపాలంటేనే తేడా. కొండ దిగడం అంటే అడుగడుగునా పట్టి ఆపుకుంటూ దిగడమే. పాఠం సగమే చదివితే బరువుకు పనే లేదనిపిస్తుంది. పూర్తిగా చదివితే బరువే ప్రాణం తీసేదని తెలుస్తుంది.

లెక్కలో వదిలేసినది

భౌతికశాస్త్రం లెక్కల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: ఘర్షణను ఉపేక్షించండి. లెక్క సులువు కావడానికి అట్లా రాస్తారు, తప్పేమీ లేదు. గెలీలియో కూడా గాడిలో తోలుకాగితం అతికించి రాపిడిని తగ్గించుకున్నాకే నియమం పట్టుకున్నాడు. ఆ వాక్యం రాయకపోతే ఈ శాస్త్రం పుట్టేదే కాదు. కానీ కొండగట్టు కింది ఊళ్ళ పిల్లలకు ఆ ఒక్క లెక్కతో పాఠం ముగించకూడదు. వాళ్ళు రేపు ఆటో నడుపుతారు, ట్రాక్టరు నడుపుతారు, బస్సు నడుపుతారు. కొందరు ఆర్టీఓ ఆఫీసులోనో, డిపోలోనో, రోడ్లు భవనాల శాఖలోనో కూర్చుంటారు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు కిక్కిరిసిన బండి మెట్టు మీద కాలు పెడతారు.

ఈ జిల్లాలో బలాలు, చలనం పాఠం చెప్పే అయ్యవార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. ఈసారి వాలుతలం బొమ్మ గీసినప్పుడు పెట్టె స్థానంలో బస్సు గీయండి. దానికి పది టన్నులు, మనిషికి అరవై కిలోలు, ఎత్తు వంద మీటర్లు ఇవ్వండి. ముందు యాభై మందిని ఎక్కించి వేడి లెక్క వేయించండి, తర్వాత నూరు మందిని. ఎన్ని లీటర్ల నీళ్ళు మరుగుతాయో పిల్లల చేతనే చెప్పించండి. ఇంటి దగ్గర మోట కొట్టిన ముసలివాళ్ళు ఇంకా ఉంటే, ఎడ్ల బాట పల్లంగా ఎందుకు తవ్వారో అడిగి రాసుకురమ్మనండి. ఆ బస్సు లెక్కలో మాత్రం ఘర్షణను ఉపేక్షించకండి.

(వచ్చే వారం: సిరిసిల్ల మగ్గంలో నాడె)